ఊపిరితిత్తుల శస్త్రచికిత్స: వీడియో పద్ధతి, రోబో పద్ధతి

ఛాతీని పెద్దగా కోయకుండా, ప్రక్కటెముకలను బలవంతంగా విడదీయకుండా, వాటి మధ్య చేసిన చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పరికరాలను లోపలికి పంపి ఊపిరితిత్తులపై చేసే చికిత్సను '''చిన్నకోత శస్త్రచికిత్స''' అంటారు. ఇందులో రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. మొదటిది '''వీడియో పద్ధతి'''. దీనిని వైద్యులు ముద్దుగా "వాట్స్" అని పిలుస్తారు. రెండవది '''రోబో పద్ధతి'''. దీనికి "రాట్స్" అని పేరు. వీడియో పద్ధతిలో వైద్యుడు రోగి ప్రక్కనే నిలబడి పొడవైన పరికరాలను తన చేతులతో నడుపుతాడు. రోబో పద్ధతిలో అదే గదిలో కొంత దూరాన ఒక బల్ల ముందు కూర్చుని, యంత్రపు చేతుల ద్వారా ఆ పరికరాలను నడుపుతాడు.

ఊపిరితిత్తుల కాన్సరును తొలిదశలో గుర్తించిన రోగికి శస్త్రచికిత్స ముఖ్యమైన చికిత్సలలో ఒకటి. అటువంటి రోగికి, అతని కుటుంబానికి నేడు తరచుగా ఎదురయ్యే ప్రశ్న: "రోబోతో చేయించాలా, వీడియోతో సరిపోతుందా?" రెండింటి ఖర్చులో తేడా ఎక్కువ. ఫలితాలలో తేడా ఎంత అన్నదే ఈ వ్యాసంలోని ముఖ్య విషయం.

== ఊపిరితిత్తుల నిర్మాణం ==

కుడి ఊపిరితిత్తిలో మూడు, ఎడమ ఊపిరితిత్తిలో రెండు పెద్ద భాగాలు ఉంటాయి. వీటిని లంబికలు లేదా లోబ్‌లు అంటారు. ఒక్కొక్క లంబిక తిరిగి కొన్ని ఖండాలుగా విభజింపబడి ఉంటుంది. ప్రతి లంబికకు, ప్రతి ఖండానికి తనదైన శ్వాసనాళిక, తనదైన రక్తనాళాలు ఉంటాయి. ఈ ఏర్పాటు వల్లనే ఊపిరితిత్తిలో చెడిన భాగాన్ని తీసివేసి, మిగిలిన భాగాన్ని పని చేయనివ్వడం సాధ్యమవుతున్నది. చెట్టులో తెగులు పట్టిన కొమ్మను దాని మొదట్లో కోసి తీసివేసినట్లే ఇదీను.

తొలగించే భాగాన్ని బట్టి శస్త్రచికిత్సలు నాలుగు రకాలు.

* '''వెడ్జ్''': కణితిని, దాని చుట్టూ ఉన్న కొద్ది భాగాన్ని కోసి తీయడం.
* '''సెగ్మెంటెక్టమీ''': ఒకటి లేదా కొన్ని ఖండాలను తీయడం.
* '''లోబెక్టమీ''': ఒక లంబికను పూర్తిగా తీయడం.
* '''న్యుమోనెక్టమీ''': ఒక ప్రక్క ఊపిరితిత్తిని మొత్తం తీయడం.

కాన్సరు కొరకు చేసే శస్త్రచికిత్సలో కణితిని తీయడంతో పని పూర్తి కాదు. శ్వాసనాళాల చుట్టూ, రెండు ఊపిరితిత్తుల నడుమ ఉండే లింఫు గ్రంథులను కూడా తీసి పరీక్షకు పంపాలి. కాన్సరు ఎంత దూరం ప్రాకిందో, తరువాత మందులు అవసరమో కాదో తేల్చేది ఈ గ్రంథులే. ఏ పద్ధతిలో చేసినా ఈ నియమం మారదు.

== పెద్ద కోతతో వచ్చే ఇబ్బంది ==

చిన్నకోత పద్ధతుల విలువ తెలియాలంటే మొదట పాత పద్ధతిని తెలుసుకోవాలి. పాత పద్ధతిని థొరకాటమీ అంటారు. ఛాతీ ప్రక్కన పొడవైన కోత పెట్టి, కండరాలను తప్పించి లేదా కోసి, రెండు ప్రక్కటెముకల మధ్య ఒక ఉక్కు పరికరాన్ని ఉంచి, మర త్రిప్పుతూ వాటిని విడదీస్తారు. వైద్యుని చేతులు లోపలికి పోవడానికి చోటు కావాలి కనుక ఇది తప్పనిసరి.

ప్రతి ప్రక్కటెముక క్రింది అంచు వెంబడి ఒక ధమని, ఒక సిర, ఒక నాడి కలిసి సాగుతాయి. ఎముకలను విడదీసినప్పుడు ఈ నాడి నలుగుతుంది, ఒక్కొక్కప్పుడు ఎముక కూడా విరుగుతుంది. అందువలన శస్త్రచికిత్స తరువాత తీవ్రమైన నొప్పి ఉంటుంది. కొందరిలో ఆ నొప్పి నెలలు, సంవత్సరాల తరబడి నిలిచిపోతుంది. నొప్పి వల్ల రోగి గట్టిగా ఊపిరి పీల్చలేడు, దగ్గలేడు. దగ్గనందువల్ల కఫం లోపలే నిలిచిపోతుంది. నిలిచిన కఫం న్యుమోనియాకు దారి తీస్తుంది. అసలే పొగత్రాగి ఊపిరితిత్తులు చెడిన వృద్ధులలో ఇది ప్రాణాల మీదకు రావచ్చు. కనుక ఇక్కడ నొప్పి తగ్గించడం కేవలం సుఖం కొరకు కాదు. ప్రాణరక్షణలో అదీ ఒక భాగమే.

== చరిత్ర ==

స్వీడన్‌కు చెందిన వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ జాకోబియస్ 1910లో మూత్రాశయాన్ని చూసే గొట్టాన్ని ఛాతీలోనికి పంపి లోపలి భాగాలను పరిశీలించిన విషయాన్ని ప్రకటించాడు. అప్పటికి క్షయకు మందులు లేవు. ఛాతీలోనికి గాలి పంపి, క్షయ సోకిన ఊపిరితిత్తిని ముడుచుకొనేటట్లు చేయడం ఆనాటి చికిత్స. ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటే అది ముడుచుకోదు. జాకోబియస్ తరువాత కాలంలో తన గొట్టపు సహాయంతో ఆ అతుకులను విడదీశాడు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ మొదలైన క్షయ మందులు వచ్చాక ఈ విద్య చాలావరకు మరుగున పడింది.

1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం కాన్సరు సోకిన ఒక ప్రక్క ఊపిరితిత్తిని ఒకే శస్త్రచికిత్సలో పూర్తిగా తీసి సఫలుడైనాడు. ఆ రోగి కూడా వైద్యుడే. ఆ తరువాత దాదాపు 30 సంవత్సరాలు జీవించాడు. పొగత్రాగడానికి, ఊపిరితిత్తుల కాన్సరుకు గల సంబంధాన్ని చూపిన 1950 నాటి ప్రసిద్ధ అధ్యయనంలో భాగస్వామియైన గ్రాహం మాత్రం 1957లో అదే కాన్సరుతో మరణించాడు. ఆయన చాలాకాలం పొగత్రాగినవాడు.

1980లలో చిన్న వీడియో కెమెరాలు రావడంతో పరిస్థితి మారింది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల ద్వారా తొలగించాడు. ఆ విద్య కొద్దికాలంలోనే ఛాతీకి ప్రాకింది. ఇటలీలోని మిలాన్ నగరంలో జాన్‌కార్లో రొవియారో 1991లో వీడియో సహాయంతో లోబెక్టమీ చేసి, మరుసటి సంవత్సరం ఆ వివరాలు ప్రచురించాడు. మొదట్లో చాలామంది వైద్యులు దీనిని అనుమానించారు. పుపుస ధమని గోడ పలుచన, దానిలో ప్రవహించే రక్తం అధికం. అది చిరిగితే చిన్న రంధ్రం ద్వారా ఆపగలమా అన్నది వారి భయం. 2006లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన రాబర్ట్ మెకెన్నా బృందం 1,100 వీడియో లోబెక్టమీల ఫలితాలను ప్రకటించడంతో ఆ భయం చాలావరకు తొలగింది. 2010లో స్పెయిన్ దేశపు వైద్యుడు డియెగో గొన్సాలెస్ రివాస్ ఒకే ఒక కోత ద్వారా లోబెక్టమీ చేశాడు.

రోబో కథ మరొక త్రోవలో మొదలైంది. యుద్ధభూమిలో గాయపడిన సైనికునికి దూరం నుండి చికిత్స చేయాలన్న ఆలోచనతో అమెరికాలో జరిగిన పరిశోధనల నుండి ఇది పుట్టింది. 1995లో స్థాపితమైన ఇంట్యూటివ్ సర్జికల్ అనే సంస్థ "డావించి" అనే యంత్రాన్ని తయారు చేసింది. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. 2002లో ఇటలీలోని పీసా నగరం నుండి ఫ్రాంకా మెల్ఫీ బృందం ఛాతీ శస్త్రచికిత్సలలో దీనిని వాడిన తొలి అనుభవాలను ప్రచురించింది.

== వీడియో పద్ధతి ==

రోగికి పూర్తి మత్తు ఇస్తారు. రెండు నాళాలు కలిసి ఉన్న ప్రత్యేకమైన శ్వాసగొట్టాన్ని అమర్చి, చికిత్స చేయవలసిన ప్రక్క ఊపిరితిత్తికి గాలిని ఆపుతారు. ఆ ఊపిరితిత్తి ముడుచుకొని లోపల చోటు ఏర్పడుతుంది. రెండవ ఊపిరితిత్తి ఒక్కటే రోగికి ప్రాణవాయువును అందిస్తుంది. రోగిని ప్రక్కకు తిప్పి పడుకోబెడతారు.

తరువాత 1 నుండి 4 వరకు చిన్న కోతలు పెడతారు. ఒకదాని గుండా కెమెరా, మిగిలిన వాటి గుండా పట్టకార్లు, కత్తెరలు, రక్తనాళాలను కాల్చి మూసే పరికరాలు పోతాయి. వైద్యుడు ఎదుట ఉన్న టెలివిజను తెరను చూస్తూ పని చేస్తాడు. లంబికకు చెందిన సిరను, ధమనిని, శ్వాసనాళికను ఒక్కొక్కదానిని విడివిడిగా గుర్తించి, స్టేప్లర్ అనే పరికరంతో కోస్తారు. ఇది ఒకేసారి రెండు ప్రక్కలా సన్నని లోహపు కుట్లు వేసి, మధ్యలో కోస్తుంది. విడదీసిన లంబికను ఒక సంచిలో ఉంచి బయటకు లాగుతారు. కాన్సరు కణాలు కోత అంచులకు అంటకుండా ఉండడానికే ఈ సంచి.

లోపల కెమెరా ఉన్నంత మాత్రాన అది వీడియో లోబెక్టమీ కాదు. ప్రక్కటెముకలను విడదీయకూడదు, ప్రధాన కోత 8 సెం.మీ. మించకూడదు, రక్తనాళాలను విడివిడిగా కోయాలి అన్న నియమాలను అమెరికాలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం స్థిరపరచింది.

ఈ పద్ధతిలోని ముఖ్యమైన ఇబ్బంది పరికరాల బిగుతు. పొడవైన, వంగని కడ్డీలను ఛాతీ గోడ అనే ఒక ఇరుసు మీద ఆడించవలసి రావడం వల్ల, కొన ఎడమకు పోవాలంటే చేతిని కుడికి త్రిప్పాలి. మామూలు తెరమీద లోతు తెలియదు. కెమెరాను సహాయకుడు పట్టుకుంటాడు కనుక అతని చేయి వణికితే చిత్రమూ వణుకుతుంది. నేడు లోతు చూపే కెమెరాలు, కొన వంగే పరికరాలు వీడియో పద్ధతిలోనూ దొరుకుతున్నాయి.

== రోబో పద్ధతి ==

రోబో అన్న పదాన్ని లోకానికి పరిచయం చేసింది చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో వ్రాసిన ఒక నాటకం. తెలుగులో దీనిని మరమనిషి అంటాం. ఈ పేరు వల్ల, యంత్రమే స్వయంగా శస్త్రచికిత్స చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ యంత్రం తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. వైద్యుని వేళ్ళు కదిలితేనే దాని చేతులు కదులుతాయి.

ఈ వ్యవస్థలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది వైద్యుడు కూర్చునే బల్ల. రెండవది రోగి ప్రక్కన నిలిపే, సాధారణంగా నాలుగు చేతులు గల బండి. మూడవది చిత్రాలను, విద్యుత్ పరికరాలను నియంత్రించే అర. రోగికి మత్తు, శ్వాసగొట్టం, పడుకోబెట్టే తీరు వీడియో పద్ధతి మాదిరిగానే ఉంటాయి. చాలా చోట్ల నాలుగు చిన్న రంధ్రాలు, సహాయకుని కొరకు మరొకటి చేస్తారు. చోటు పెంచడానికి లోపలికి తక్కువ ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపడం ఈ పద్ధతిలో సాధారణం. రోగి ప్రక్కన ఉండే సహాయకుడు పరికరాలను మారుస్తూ, అవసరమైనప్పుడు స్టేప్లర్‌ను, పీల్చే గొట్టాన్ని వాడుతూ ఉంటాడు.

వైద్యునికి రెండు కళ్ళకు రెండు వేర్వేరు చిత్రాలు అందడం వల్ల లోతు స్పష్టంగా తెలుస్తుంది. పరికరపు కొన మనిషి మణికట్టు వలె అన్ని వైపులకూ తిరుగుతుంది. వైద్యుని చేతి వణుకును యంత్రం వడపోస్తుంది. చేయి ఎక్కువ దూరం కదిలినప్పుడు కొన తక్కువ దూరం కదిలేటట్లు అమర్చుకోవచ్చు. కెమెరా కూడా వైద్యుని అదుపులోనే ఉంటుంది.

లోపం స్పర్శ తెలియకపోవడం. యంత్రం ద్వారా లాగుతున్నప్పుడు కణజాలం ఎంత బిగిసిందో చేతికి తెలియదు. కంటితో చూసి అంచనా వేయాలి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావించి 5 అనే నమూనాలో బలాన్ని కొంతవరకు చేతికి తెలిపే పరికరాలను ప్రవేశపెట్టారు. అంతకు ముందటి నమూనాలలో ఈ సౌకర్యం లేదు.

== రెండింటి పోలిక ==

* '''కోతలు''': వీడియో పద్ధతిలో 1 నుండి 4, రోబో పద్ధతిలో సాధారణంగా 4 లేదా 5. రెండింటిలోనూ ప్రక్కటెముకలను విడదీయరు.
* '''దృష్టి''': వీడియో పద్ధతిలో సాధారణంగా లోతు లేని చిత్రం, రోబో పద్ధతిలో లోతు గల చిత్రం.
* '''పరికరాల కదలిక''': వీడియో పద్ధతిలో పరిమితం, రోబో పద్ధతిలో మణికట్టు వలె స్వేచ్ఛ.
* '''స్పర్శ''': వీడియో పద్ధతిలో కొంత తెలుస్తుంది, చిన్న కణితిని వ్రేలితో తాకి చూడడానికి కూడా కొన్నిసార్లు వీలవుతుంది, రోబో పద్ధతిలో చాలావరకు తెలియదు.
* '''వైద్యుని స్థానం''': వీడియో పద్ధతిలో రోగి ప్రక్కన, రోబో పద్ధతిలో బల్ల వద్ద, రోగి ప్రక్కన సహాయకుడు.
* '''సిద్ధం చేసే సమయం''': రోబో పద్ధతిలో బండిని అమర్చడానికి అదనపు సమయం కావాలి. బృందానికి అలవాటు అయిన కొద్దీ ఇది తగ్గుతుంది.
* '''నేర్చుకొనే కాలం''': వీడియో లోబెక్టమీలో చేయి కుదరడానికి సుమారు 50 శస్త్రచికిత్సలు కావాలని తరచుగా చెబుతారు. రోబోలో అంతకంటె తక్కువ సరిపోతాయని అంటారు.
* '''ఖర్చు''': రోబో పద్ధతిలో ఎక్కువ. యంత్రపు ధర, సాలుసరి నిర్వహణ, కొన్ని వాడకాల తరువాత పారవేయవలసిన పరికరాలు దీనికి కారణాలు.

లోపల హఠాత్తుగా రక్తం కారితే ఏమి చేయాలన్నది రెండు పద్ధతులలోనూ ముందే అనుకుని ఉంచుకోవలసిన విషయం. మొదట ఒక గుడ్డ ఉండతో నొక్కి పట్టి, అవసరమైతే ఛాతీని తెరుస్తారు. వీడియో పద్ధతిలో వైద్యుడు అక్కడే చేతులు శుభ్రపరచుకొని సిద్ధంగా ఉంటాడు. రోబో పద్ధతిలో యంత్రపు చేతులను తొలగించాలి, వైద్యుడు బల్ల విడిచి రావాలి. అందువలన రోగి ప్రక్కన ఉండే సహాయకుడు సమర్థుడై ఉండడం ఇక్కడ మరింత అవసరం.

== పరిశోధనలు తెలిపిన విషయాలు ==

=== పెద్ద కోత, వీడియో పద్ధతి ===

డెన్మార్క్‌లో 206 మంది రోగులపై జరిగి 2016లో ప్రచురితమైన పరీక్షలో ఒక విశేషం ఉంది. ఎవరికి ఏ పద్ధతి జరిగిందో రోగికి, నర్సులకు తెలియకుండా అందరికీ ఒకే రకమైన కట్టు వేశారు. మొదటి 24 గంటలలో చెప్పుకోదగిన నొప్పి వీడియో పద్ధతి వారిలో 38 శాతం మందికి, పెద్ద కోత వారిలో 63 శాతం మందికి ఉన్నది. సంవత్సరం పొడవునా వీడియో పద్ధతి వారి జీవన స్థితి మెరుగుగా ఉంది.

బ్రిటన్‌లోని 9 ఆసుపత్రులలో 503 మందిపై జరిగిన "వయొలెట్" పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. వీడియో పద్ధతి రోగులు 5 వారాల నాటికి రోజువారీ పనులు మెరుగ్గా చేసుకోగలిగారు. ఆసుపత్రిలో ఉన్న కాలం వారికి 4 రోజులు, పెద్ద కోత వారికి 5 రోజులు. కాన్సరును తొలగించడంలో వీడియో పద్ధతి వెనుకబడలేదు.

=== వీడియో పద్ధతి, రోబో పద్ధతి ===

ఈ రెండింటినీ నేరుగా పోల్చిన పరీక్షలు తక్కువ.

ఇటలీ బృందం నడిపిన "రోమన్" పరీక్షను 83 మంది చేరిన తరువాత ఆపివేశారు. సమస్యలను తగ్గించడంలో రోబోదే పైచేయి అని తేలే అవకాశం లేదని అప్పటి ధోరణిని బట్టి గ్రహించడమే కారణం. అయితే రోబో పద్ధతిలో ఎక్కువ లింఫు గ్రంథులు తీయగలిగారు.

చైనాలోని షాంఘై నగరంలో 320 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో ప్రచురింపబడినవి. శస్త్రచికిత్స సమయంలోను, ఆ తరువాత కొద్దికాలంలోను ఫలితాలు రెండింటిలో దాదాపు సమానం. తీసిన లింఫు గ్రంథుల మధ్యస్థ సంఖ్య రోబోలో 11, వీడియోలో 10. ఖర్చు మాత్రం రోబోకు సుమారు 12,800 డాలర్లు, వీడియోకు సుమారు 8,000 డాలర్లు. మూడు సంవత్సరాల తరువాత లెక్క చూచినప్పుడు, జీవించి ఉన్నవారి శాతంలో రోబో పద్ధతి వీడియో పద్ధతికి తీసిపోలేదని తేలింది.

కెనడా వైద్యుల నాయకత్వంలో జరిగిన "రావల్" పరీక్షలో 164 మంది ఫలితాలను విశ్లేషించి 2023లో ప్రకటించారు. 12 వారాల నాటి ఆరోగ్య స్థితి సూచిక రోబోలో 0.85, వీడియోలో 0.80. తీసిన గ్రంథులు రోబోలో 10, వీడియోలో 8. ఈ లాభాన్ని ఖర్చుతో పోల్చి చూచినప్పుడు, పూర్తి ఆరోగ్యంతో కూడిన ఒక సంవత్సరపు జీవితానికి అదనంగా సుమారు 14,900 కెనడా డాలర్లు అవుతుందని లెక్కకట్టారు. కెనడా వంటి దేశంలో ఇది భరించదగిన మొత్తమే. చికిత్స ఖర్చును రోగి తన చేతి నుండి పెట్టుకొనే చోట ఇదే లెక్క వేరుగా కనిపిస్తుంది.

పెద్ద సంఖ్యలో రోగుల రికార్డులను పరిశీలించిన కొన్ని అధ్యయనాలలో, మధ్యలో పెద్ద కోతకు మారవలసిన అవసరం రోబో పద్ధతిలో తక్కువగా కనిపించింది. అయితే రికార్డులను బట్టి చేసే పోలికలో ఒక చిక్కు ఉంది. రోబో ఉన్న ఆసుపత్రులు సాధారణంగా పెద్దవి, అనుభవం గలవి. తేడా యంత్రం వల్ల వచ్చిందో, అనుభవం వల్ల వచ్చిందో వేరు చేయడం కష్టం. చీటీ వేసినట్లు రోగులను రెండు వర్గాలుగా విడదీసి చేసే పరీక్షలకు అందుకే ఎక్కువ విలువ ఇస్తారు.

=== సారాంశం ===

పై పరీక్షలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రోగికి కలిగే పెద్ద లాభం పెద్ద కోత నుండి చిన్న కోతకు మారడంలో ఉంది. ఆ లాభం వీడియో, రోబో పద్ధతులు రెండింటిలోనూ లభిస్తుంది. వీడియో నుండి రోబోకు మారడంలో కలిగే లాభం చిన్నది. లింఫు గ్రంథులు కొంచెం ఎక్కువ తీయగలగడం అందులో ముఖ్యమైనది. దాని వల్ల ఆయుర్దాయం పెరుగుతుందని ఇంకా నిరూపణ కాలేదు.

== చిన్న భాగాన్ని తీయడం ==

1995లో వెలువడిన ఒక అమెరికా పరీక్ష తరువాత చాలాకాలం లోబెక్టమీయే ప్రామాణికమైన చికిత్సగా నిలిచింది. జపాన్‌లో 1,106 మందిపై జరిగి 2022లో ప్రచురితమైన పరీక్ష ఈ అభిప్రాయాన్ని మార్చింది. 2 సెం.మీ. మించని, ఊపిరితిత్తి అంచుకు దగ్గరగా ఉన్న కణితులకు సెగ్మెంటెక్టమీ చేసినవారిలో 5 సంవత్సరాలు జీవించినవారు 94.3 శాతం, లోబెక్టమీ చేసినవారిలో 91.1 శాతం. 2023లో వెలువడిన అమెరికా పరీక్ష కూడా అటువంటి కణితులకు చిన్న భాగాన్ని తీస్తే చాలునని సమర్థించింది.

ఖండాల మధ్య సరిహద్దు పైకి కనిపించదు. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును సిరలోనికి ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే, రక్తప్రసారం ఉన్న భాగం మెరుస్తుంది, ధమనిని మూసిన ఖండం చీకటిగా ఉంటుంది. ఈ సౌకర్యం రోబోలో అమరి ఉంటుంది; తగిన కెమెరా ఉంటే వీడియో పద్ధతిలోనూ వాడవచ్చు. సన్నని నాళాలను విడదీయవలసిన ఇటువంటి పనిలో రోబో మణికట్టు ఉపయోగపడుతుందని చాలామంది వైద్యుల అభిప్రాయం.

== పరిమితులు, సమస్యలు ==

పెద్ద కణితులు, ఛాతీ గోడలోనికి లేదా ప్రధాన రక్తనాళాలలోనికి చొచ్చుకొని పోయిన కణితులు, ఒకే ఊపిరితిత్తితో శ్వాసను తట్టుకోలేని రోగులు, ఇదివరకే ఛాతీలో గట్టి అతుకులు ఏర్పడినవారు చిన్నకోత పద్ధతికి అనుకూలం కాకపోవచ్చు. ఏ పద్ధతిలోనైనా కొన్ని సమస్యలు రావచ్చు. కోసిన చోటు నుండి గాలి కారడం, న్యుమోనియా, గుండె లయ తప్పడం, రక్తస్రావం, గొంతుకు పోయే నాడి దెబ్బతిని గొంతు బొంగురుపోవడం వీటిలో ముఖ్యమైనవి. గాలిని, ద్రవాన్ని బయటకు తీయడానికి ఛాతీలో అమర్చే గొట్టాన్ని గాలి కారడం ఆగిన తరువాతనే తీస్తారు.

మధ్యలో పెద్ద కోతకు మారవలసి వస్తే దానిని వైఫల్యంగా భావించరాదు. చిన్న కోతను నిలబెట్టుకోవాలన్న పట్టుదల కంటె రోగి ప్రాణం ముఖ్యం. సమయానికి ఛాతీని తెరవడం మంచి వైద్యుని లక్షణం.

== భారతదేశంలో ==

మన దేశంలో క్షయవ్యాధి విస్తృతం. క్షయ నయమైన తరువాత కూడా ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోవడం, లింఫు గ్రంథులు సున్నం పట్టి పుపుస ధమనికి అంటుకొనిపోవడం తరచుగా కనిపిస్తుంది. అటువంటి గ్రంథిని ధమని నుండి విడదీయడం ఏ పద్ధతిలోనైనా కష్టమే. ఇతర దేశాల పరీక్షలలో వచ్చిన ఫలితాలను మన రోగులకు అన్వయించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ఛాతీలో చేరిన చీమును తీసి, ఊపిరితిత్తిపై గట్టిపడిన పొరను ఒలవడానికి కూడా వీడియో పద్ధతిని విస్తారంగా వాడుతున్నారు.

2022లో ఎస్ఎస్ఐ మంత్ర అనే స్వదేశీ శస్త్రచికిత్స రోబోకు భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. 2023లో హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో రోబో శస్త్రచికిత్స వ్యవస్థను ప్రారంభించారు. యంత్రాల తయారీలో పోటీ పెరిగితే ధరలు తగ్గవచ్చు.

హైదరాబాదులో ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ సంస్థ 2019లో జారీ చేసిన మార్గదర్శకాలు, ఆరోగ్య బీమా నుండి మినహాయించరాని ఆధునిక చికిత్సల జాబితాలో రోబో శస్త్రచికిత్సను చేర్చాయి. అయితే కంపెనీలు దీనికి విడిగా ఒక పరిమితి పెట్టుకొనే వీలు ఇచ్చాయి. కనుక పాలసీ పత్రంలో ఆ పరిమితి ఎంతో ముందుగా చూచుకోవడం అవసరం.

== రోగి అడిగి తెలుసుకోవలసినవి ==

* నా కాన్సరు ఏ దశలో ఉంది? పెట్ స్కాన్, లింఫు గ్రంథుల పరీక్ష పూర్తి అయినవా?
* నా శ్వాస పరీక్షల ఫలితాలను బట్టి ఎంత భాగాన్ని తీసినా తట్టుకోగలను?
* ఈ శస్త్రచికిత్సను మీరు ఈ పద్ధతిలో సంవత్సరానికి ఎన్నిసార్లు చేస్తారు?
* వాటిలో ఎన్ని సందర్భాలలో పెద్ద కోతకు మారవలసి వచ్చింది?
* లింఫు గ్రంథులను నియమం ప్రకారం తీస్తారా?
* రెండు పద్ధతుల మధ్య మొత్తం ఖర్చులో తేడా ఎంత? బీమా ఎంత భరిస్తుంది?

వీడియో పద్ధతిలో చేయి తిరిగిన వైద్యుని వద్ద ఉన్న రోగి, రోబో లేదన్న ఒక్క కారణంతో దిగులు పడనవసరం లేదు. అప్పు చేసి యంత్రం ఉన్న చోటికి పరుగెత్తడంలో విలువైన కాలం వృథా కావచ్చు. అట్లే అనుభవం గల బృందం రోబోతో చేస్తామంటే, ఖర్చు భరించగలిగినప్పుడు, భయపడనవసరమూ లేదు. పరికరం కంటె దానిని పట్టిన చేయి ముఖ్యం.

ఏ పద్ధతిలోనైనా రోగి తన వంతుగా చేయవలసిన పనులు మూడు: శస్త్రచికిత్సకు ముందే పొగత్రాగడం మానివేయడం, బంతులున్న పరికరంతో శ్వాస వ్యాయామం చేయడం, శస్త్రచికిత్స తరువాత వీలైనంత త్వరగా లేచి నడవడం.

'''గమనిక''': ఈ వ్యాసం అవగాహన కొరకు మాత్రమే. చికిత్స విషయంలో నిర్ణయం వైద్యుని సలహాతోనే తీసుకోవాలి.

== ఇవి కూడా చూడండి ==

* ఊపిరితిత్తులు
* ఊపిరితిత్తుల కాన్సరు
* శ్వాసవ్యవస్థ
* క్షయవ్యాధి
* ధూమపానం
* శస్త్రచికిత్స